రెండో డబ్బా ఎవరు కొంటున్నారో అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాణిజ్య పేజీలో స్పోర్ట్స్ న్యూట్రిషన్ కంపెనీల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ప్రొటీన్ పౌడర్లు, కండబలం కోసం వాడే క్రియేటిన్, వ్యాయామానికి ముందు తాగే ప్రీ వర్కౌట్ పొడులు అమ్మే కంపెనీల అమ్మకాలు ఏటికేడు రెట్టింపవుతున్నాయని, చిన్న మదుపర్లు ఇప్పుడే ఇందులో కాస్త డబ్బు పెడితే ముందుముందు బాగుంటుందని రాశారు. ఆ కంపెనీలు పెరుగుతున్న మాట నిజమే, కాదనను. కానీ వ్యాసమంతా వెతికినా అమ్మకాల అంకె తప్ప ఇంకో అంకె కనపడలేదు. ఒకసారి కొన్నవాడు మళ్ళీ వచ్చి రెండో డబ్బా కొంటున్నాడా లేదా అన్న మాటే లేదు. అది చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. సరిగ్గా ఆ ఒక్క అంకెను నమ్మి నేను నోరు కట్టుకుని దాచుకున్న డబ్బు పోగొట్టుకున్నాను.

నేను పదకొండేళ్ళు ఇలాంటి పొడులు టోకున అమ్మే ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఖాతాలు చూశాను. క్వార్టర్, అంటే మూడు నెలల లెక్క, చివరి వారం వచ్చిందంటే మా ఓనరుకి ఫోన్లు మొదలయ్యేవి. కంపెనీ సేల్స్ మేనేజర్ అవతలి నుంచి బతిమాలేవాడు, "సార్, టార్గెట్‌కి ఇంకా 400 పెట్టెలు తక్కువున్నాయి, మీరు దింపుకోండి, డబ్బు నాలుగు నెలలకి పంపండి, పోకపోతే మేమే వెనక్కి తీసుకుంటాం" అని. మా ఓనరు సరేననేవాడు, ఆయన చేతి నుంచి పోయేదేమీ లేదు కదా. ఆ రాత్రే లారీ వచ్చేది, నేను ఎంట్రీ వేసేవాణ్ణి. మా గోడౌన్లో ఒక్క డబ్బా కదలకముందే ఆ కంపెనీ పుస్తకాల్లో 400 పెట్టెలూ అమ్ముడైపోయినట్టే లెక్క. పేపర్లలో వచ్చే "అమ్మకాలు 80 శాతం పెరిగాయి" లాంటి వార్తల్లో ఇలాంటి పెట్టెలు ఎన్ని ఉంటాయో బయటివాళ్ళకి తెలిసే దారే లేదు.

ఆ పెట్టెలు తర్వాత ఏమయ్యేవో కూడా చూశాను. ఈ పొడులకి మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది, కానీ గడువుకి నాలుగైదు నెలలు ఉందనగానే షాపులవాళ్ళు సరుకు ముట్టుకోరు. ఒకసారి వెనక్కి పంపాల్సిన సరుకు లెక్కపెడుతూ ఓ డబ్బా చేతిలోకి తీసుకుని అడుగు తిప్పి చూశాను. బ్యాచ్ నంబరు కింద ఎక్స్‌పైరీకి పదకొండు వారాలు ఉంది, మూత మీద ఒకదాని మీద ఒకటి మూడు డిస్కౌంట్ స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. మూత తీస్తే లోపల సీలు ఒకవైపు లేచిపోయి ఉంది, ఘాటైన వెనిలా వాసన, పొడంతా తేమ పట్టి గడ్డలు. అలాంటివి ఆ రోజు 1,100 డబ్బాలు వెనక్కి వెళ్ళాయి. వాటిని అమ్మినట్టు రాసింది ముందటి ఏడాదిలో, వెనక్కి తీసుకున్నట్టు రాసింది ఈ ఏడాదిలో. పోయిన ఏడాది పెరిగిందన్నది అందరికీ తెలిసింది, ఈ ఏడాది వెనక్కి వచ్చింది ఏ మూలనో ఒక చిన్న వరుసలో పడింది.

ఇంత తెలిసి కూడా నేనెలా చిక్కుకున్నానంటే, అది వేరే కంపెనీ, అప్పుడే పైకొస్తున్నది, ఇంకా మార్కెట్‌లో లిస్ట్ కాలేదు. మా తమ్ముడి స్నేహితుడొకతను షేర్లు ఇప్పిస్తానని ఒక మీటింగ్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ గోడ మీద గ్రాఫ్ వేసి చూపించారు, మూడేళ్ళలో అమ్మకాలు ఎనిమిది రెట్లు. నేను ఒక్కటే అడిగాను, బాకీలు ఎన్ని రోజులకి వసూలవుతున్నాయండీ అని. "సార్, ప్రస్తుతం మన ఫోకస్ అంతా గ్రోత్ మీదే" అన్నాడు ఆ కుర్రాడు. అడిగినదానికి జవాబు రాలేదని నాకు తెలుసు. అయినా చెక్కు రాశాను. పక్కన కూర్చున్నవాళ్ళందరూ రాస్తున్నారు, నేను ఒక్కణ్ణే వెనకబడిపోతానేమోనన్న టెన్షన్. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు కాబట్టే, మీ వ్యాసం చదివి ఇవాళ ఎవరో ఒకరు అదే టెన్షన్‌తో చెక్కు రాస్తారని నా భయం.

రెండేళ్ళకి కంపెనీ చేతిలో డబ్బు అయిపోయింది. అమ్మకాలు అప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి, వసూళ్ళు లేవు, అంతే. కొత్త మదుపర్లు వచ్చారు, కానీ పాత ధరలో సగానికి వచ్చారు, పైగా ప్రిఫరెన్స్ షేర్లు తీసుకున్నారు. అంటే కంపెనీని ఎప్పుడు అమ్మినా ముందు వాళ్ళ డబ్బు వాళ్ళకి పూర్తిగా వెళ్ళాలి, మిగిలితేనే మాలాంటి మామూలు షేర్లవాళ్ళకి. ఆ షరతు కాగితాల్లో ఉంది, మాకు ఎవరూ చదివి వినిపించలేదు. చివరికి కంపెనీ బ్రాండునీ సరుకునీ కలిపి అమ్మేశారు, మా వరకు ఏమీ రాలేదు. లిస్ట్ కాని కంపెనీలో షేర్లు కొనేవాళ్ళు ఆ కాగితాల్లో "ముందు ఎవరికి" అన్న పేజీ వెతికి చదవాలి, అర్థం కాకపోతే తెలిసినవాళ్ళకి డబ్బిచ్చి అయినా చదివించుకోవాలి.

ఇది నా ఒక్కడి కథ అయితే మీకు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అమెరికాలో మజిల్‌ఫార్మ్ అనే కంపెనీ 2008లో మొదలైంది. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ పేరుతోనే పొడులు తెచ్చారు. 2014 నాటికి ఏడాది అమ్మకాలు 17 కోట్ల డాలర్లు దాటాయి, అదే ఏడాది నష్టం కూడా కోటి డాలర్ల పైనే. అంత పెరుగుతున్న కంపెనీకి నష్టమేమిటని అప్పుడు అడిగినవాళ్ళు తక్కువ. 2015లో పై అధికారుల సొంత ఖర్చులు సరిగ్గా వెల్లడించలేదని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆ కంపెనీకి 7 లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2022 డిసెంబర్‌లో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకి వెళ్ళింది, మరుసటి ఏడాది ఇంకో కంపెనీ దాన్ని కొనేసింది. ష్వార్జ్‌నెగర్ ఫొటో చూసి కొన్న షేర్లు ఏమయ్యాయో వేరే చెప్పక్కర్లేదు.

సెల్సియస్ కథ దీనికంటే పాఠకులకి ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ సరుకు నిజంగానే అమ్ముడుపోయేది. వ్యాయామం చేసేవాళ్ళ కోసమని చెప్పి ఎనర్జీ డ్రింక్ అమ్మే కంపెనీ అది. 2022లో పెప్సికో 55 కోట్ల డాలర్లు పెట్టి, పంపిణీ కూడా తన చేతిలోకి తీసుకుంది. 2023లో సెల్సియస్ అమ్మకాలు ముందటి ఏడాదికి రెట్టింపై 130 కోట్ల డాలర్లు దాటాయి. అందులో కొంత పెప్సికో తన గోడౌన్లు నింపుకోవడం వల్ల వచ్చిన పెరుగుదల. 2024లో పెప్సికో నిల్వలు తగ్గించుకోవడం మొదలుపెట్టేసరికి, ఆ ఏడాది మూడో క్వార్టర్‌లో సెల్సియస్ ఆదాయం 31 శాతం పడిపోయింది. దుకాణాల్లో జనం కొనడం ఆగలేదు, కొద్దిగా పెరిగింది కూడా. ఆదాయం మాత్రం పడింది, షేరు ఆ ఏడాది గరిష్ఠ ధర నుంచి సగానికి పైగా దిగజారింది. డిస్ట్రిబ్యూటర్ కొన్నదీ తాగేవాడు కొన్నదీ ఒకటి కాదని నేను మా గోడౌన్లో 400 పెట్టెల దగ్గర చూసింది, అక్కడ కోట్ల డాలర్లలో జరిగింది.

ఇంక డబ్బాలో ఉండే పొడి సంగతి. ప్రొటీన్ పౌడర్లలో ఎక్కువ భాగం వే ప్రొటీన్. పాలు విరిచి చీజ్ చేసేటప్పుడు విడిపోయే పలచటి నీళ్ళను వడగట్టి, ఎండబెట్టి చేస్తారు. పోసిన పాలలో పదింట తొమ్మిది వంతులు ఆ విరుగుడు నీళ్ళుగానే వస్తాయి, వాటిలో ప్రొటీన్ నూటికి ఒక వంతు కూడా ఉండదు. అందుకని 80 శాతం ప్రొటీన్ ఉండే పొడి ఒక కిలో కావాలంటే వంద లీటర్లకు పైగా విరుగుడు నీళ్ళు కావాలి. పొడికి గిరాకీ పెరిగిందని ఎవరూ రాత్రికి రాత్రి ఎక్కువ చీజ్ చెయ్యరు కదా, చీజ్ తినేవాళ్ళూ పెరగాలి, వడగట్టే ప్లాంట్లూ పెరగాలి. కాబట్టి గిరాకీ పెరిగితే ముందు పెరిగేది ముడిసరుకు ధర. సొంత ప్లాంటు లేకుండా, బయట పొడి కొని, డబ్బాలో పోయించి, లేబుల్ అంటించి అమ్మే కంపెనీకి ఆ దెబ్బ నేరుగా తగులుతుంది. ఈ రంగంలో చాలా కొత్త కంపెనీలు చేసేది ఇదే.

మైప్రొటీన్ అనే ప్రొటీన్ పౌడర్ల బ్రాండు ఉన్న బ్రిటన్ కంపెనీ టీహెచ్‌జీ 2020 సెప్టెంబర్‌లో ఒక్కో షేరు 5 పౌండ్లకి మార్కెట్‌లోకి వచ్చింది. 2022 చివరికి అది ఒక పౌండు కంటే ఎంతో కిందికి పోయింది. కారణాలు చాలా ఉన్నాయి, ఆ ఏడాది రికార్డు స్థాయికి చేరిన వే ధర వాటిలో ఒకటి. ఆప్టిమమ్ న్యూట్రిషన్ అనే ఇంకో ప్రొటీన్ పౌడర్ల బ్రాండుని 2008లో 31.5 కోట్ల డాలర్లకి కొన్నది ఎవరో చూడండి, ఐర్లాండ్‌కి చెందిన గ్లాన్‌బియా, పాల వ్యాపారంలో పుట్టి చీజ్‌తో పెరిగిన కంపెనీ. విరుగుడు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో తెలిసినవాళ్ళే ఆ బ్రాండుని కొన్నారు. అలాంటి గ్లాన్‌బియా కూడా 2025 మొదట్లో వే ధరల వల్ల లాభాలు తగ్గుతాయని చెప్పగానే షేరు ఒక్క రోజులో గట్టిగా పడింది. చీజ్ కంపెనీకే అలా ఉంటే, మొన్న మొదలైన కంపెనీ సంగతేమిటి? ముడిసరుకు ఎవరి దగ్గర, ఎన్ని నెలలకి, ఏ ధరకి ఒప్పందం చేసుకున్నారు అని ఒక్క ప్రశ్న అడిగితే చాలావరకు బయటపడుతుంది.

ధర పెరిగినప్పుడు కొన్ని కంపెనీలు చేసే పని ఒకటుంది, అది మదుపరికే కాదు, తాగేవాడికీ ప్రమాదం. పొడిలో ప్రొటీన్ ఎంతుందో కొలవడానికి నేటికీ ఎక్కువగా వాడేది 1883లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ కనిపెట్టిన పద్ధతి. అది ప్రొటీన్‌ని నేరుగా కొలవదు, ప్రొటీన్‌లో నత్రజని ఉంటుంది కాబట్టి ఆ నత్రజనిని కొలిచి దాన్ని 6.25తోనో, పాల ప్రొటీన్ అయితే 6.38తోనో హెచ్చిస్తుంది. నత్రజని ఎక్కువగా ఉండి వే కంటే చవకగా దొరికే గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లం (ప్రొటీన్ తయారయ్యే చిన్న ముక్క) విడిగా కలిపితే, అసలు ప్రొటీన్ తక్కువున్నా పరీక్షలో అంకె నిండుగా వస్తుంది. దీన్ని అమైనో స్పైకింగ్ అంటారు, అమెరికాలో దీని మీద వినియోగదారులు దావాలు వేశారు. 2008లో చైనాలో పాలపొడి చేసే పాలలో మెలమైన్ అనే నత్రజని ఎక్కువుండే రసాయనం కలిపిందీ ఇదే లొసుగు వాడుకుని, అప్పుడు దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. అందుకని కంపెనీ చూపించే ల్యాబ్ రిపోర్టులో "ప్రొటీన్ 80 శాతం" అన్న వరుస ఒక్కటే చాలదు, అమైనో ఆమ్లాల పట్టిక ఉందా, పరీక్ష చేసింది బయటి ల్యాబేనా, మన చేతిలో ఉన్న డబ్బా బ్యాచ్‌దేనా అని చూడాలి.

క్రీడాకారులు వాడే సరుకు అయితే ఇంకో భయం, డోపింగ్ పరీక్షలో పట్టుబడటం. జర్మనీ పరిశోధకులు ఒలింపిక్ కమిటీ డబ్బుతో 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లు పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 94 డబ్బాల్లో, అంటే సుమారు 15 శాతంలో, లేబుల్ మీద లేని హార్మోన్ పదార్థాలు దొరికాయి. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం ఎఫెడ్రా అనే మొక్క నుంచి తీసే ఉత్తేజకం ఉన్న సప్లిమెంట్లని నిషేధించింది, దాని మీదే బతుకుతున్న మెటబొలైఫ్ అనే కంపెనీ మరుసటి ఏడాది దివాలాకి వెళ్ళింది. ఒక పదార్థం మీద ఆధారపడిన కంపెనీ ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పోగలదు. ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్, ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి, నిషేధిత పదార్థాల కోసం బయటివాళ్ళు పరీక్షించి ఇచ్చే ముద్రలకి ఖర్చవుతుంది, చాలా కంపెనీలు తర్వాత చూద్దాంలే అంటాయి. తర్వాత చూద్దాం అన్నవాళ్ళకి నా డబ్బు ఇవ్వను.

లేబుల్ మీద గొప్పలు చెప్పుకున్నా అంతే. బ్యాంగ్ అనే డ్రింక్ అమ్మిన వైటల్ ఫార్మాస్యూటికల్స్ అందులో "సూపర్ క్రియేటిన్" ఉందని ఊదరగొట్టింది. అది అబద్ధపు ప్రచారమని పోటీ కంపెనీ మాన్‌స్టర్ కోర్టుకి వెళితే 2022 సెప్టెంబర్‌లో జ్యూరీ 29.3 కోట్ల డాలర్లు కట్టమంది. మరుసటి నెలలోనే బ్యాంగ్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2023లో దాన్ని కొన్నది ఎవరనుకున్నారు, ఆ మాన్‌స్టరే.

పోనీ, డబ్బాలో ఉన్నదంతా నిజమైనదే అనుకుందాం. అప్పుడు ఇంకో చిక్కు. 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు పరిశీలించి, ఆటలో సామర్థ్యాన్ని నేరుగా పెంచుతాయని మంచి ఆధారాలున్నవి అయిదే అని చెప్పారు. కెఫీన్, క్రియేటిన్, నైట్రేట్, బీటా అలనైన్, బైకార్బొనేట్. వీటిలో ఏదీ ఒక కంపెనీ సొత్తు కాదు. క్రియేటిన్‌ని ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1832లోనే గుర్తించాడు, ఇవాళ ఎవరైనా టన్నుల లెక్కన కొని డబ్బాల్లో పోసుకోవచ్చు. "మా ఫార్ములా రహస్యం" అని మీటింగ్‌లో చెప్తే, ఆ రహస్యంలో ఏ పదార్థం ఎంత మోతాదు ఉందో అడగండి. పని చేసేవి అందరి దగ్గరా ఉన్నాయి. మిగిలేది కొన్నవాడి నమ్మకం ఒక్కటే, అది తెలిసేది వాడు మళ్ళీ వచ్చినప్పుడు.

అందుకే నేను రెండో డబ్బా గురించి ఇంత పట్టుబడుతున్నాను. డబ్బాలో 30 స్కూపులుంటే రోజుకొకటి చొప్పున నెలలో అయిపోతుంది. జనవరిలో కొత్త తీర్మానాలతో జిమ్‌లో చేరి కొన్న 100 మందిలో మార్చి లోపు ఎంతమంది మళ్ళీ కొన్నారు? ఈ లెక్క ప్రతి ఆన్‌లైన్ కంపెనీ దగ్గరా ఉంటుంది, లేదని చెప్తే నమ్మకండి. ఎందుకు ముఖ్యమో ఒక ఊహా లెక్క చెప్తాను. డబ్బా 100కి అమ్మారనుకోండి. సరుకు, ప్యాకింగ్ 45, రవాణా, కమిషన్ 20 పోతే 35 మిగలాలి. కానీ మొదటిసారి కొనేవాణ్ణి రప్పించడానికి డిస్కౌంట్ కోడ్‌కి 15, వీడియోలు చేసేవాళ్ళకీ ప్రకటనలకీ 30 పెట్టారు. మొదటి డబ్బా మీద 10 నష్టం. వాడే మళ్ళీ తనంతట తాను వచ్చి కొంటే ఈసారి పూర్తి 35 చేతికొస్తాయి, రెండూ కలిపి 25 లాభం. రాకపోతే ఆ 10 పోయినట్టే. అమ్మకాలన్నీ మొదటి డబ్బాలే అయితే ఎంత వేగంగా పెరిగితే అంత వేగంగా డబ్బు కరిగిపోతుంది. గ్రాఫ్ మాత్రం రెండు కంపెనీలకీ ఒకేలా పైకి పోతుంది. నాకు చూపించిన గ్రాఫ్ కూడా అలాగే పోయింది.

మిమ్మల్ని నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. ఇకమీద ఇలాంటి కంపెనీ గురించి రాసినప్పుడు అమ్మకాల అంకె పక్కనే ఇంకో మూడు అంకెలు కూడా వెయ్యండి. బాకీలు సగటున ఎన్ని రోజులకి వసూలవుతున్నాయి, వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు ఎంత, పాత కొనుగోలుదారులు మళ్ళీ కొన్నది ఎంత. మొదటి రెండూ లిస్టయిన ఏ కంపెనీ వార్షిక నివేదికలోనైనా దొరుకుతాయి, మీ విలేకరికి గంట పని. మూడోది కంపెనీని అడగాలి. చెప్పకపోతే "అడిగాం, చెప్పలేదు" అని అచ్చు వెయ్యండి, పాఠకుడికి అది కూడా సమాచారమే. ఈ రంగంలో బాగా నడిచే కంపెనీలు లేవని నేననడం లేదు, ఉన్నాయి, వాళ్ళు ఈ అంకెలు దాచరు కూడా. నేను మళ్ళీ పెట్టినా అలాంటి వాటిలోనే పెడతాను.

నా షేర్ల సంగతి అడుగుతూ ఆ కంపెనీకి ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. అమ్మినప్పుడు వచ్చిన డబ్బు ఎవరెవరికి ఎంత వెళ్ళిందో లెక్క ఇవ్వమన్నాను, వాటాదారుగా అది అడిగే హక్కు నాకుంది. జవాబు రాలేదు. నాతోపాటు ఆ రోజు చెక్కులు రాసినవాళ్ళలో ఏడుగురి ఫోన్ నంబర్లు సంపాదించాను, ఈసారి అందరం కలిసి లాయరు ద్వారా రాస్తున్నాం.

ఇట్లు
మీ పత్రిక పాఠకుడు